938 నంబరు సొరుగు

1995 జూన్‌లో ఆశీర్వాదం గారు మొదటిసారి మా గ్రంథాలయం మెట్లెక్కారు. అప్పటికి నేను అక్కడ అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా చేరి ఆరేళ్ళయింది. నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు నడిస్తే మధ్యలో ఒక సందు. కింద జిరాక్స్ దుకాణాలు, పై అంతస్తులో మేము. ఒక ట్రస్టు నడిపే పాత గ్రంథాలయం అది. పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ళు, కోర్టులో కేసు పిలిచేదాకా కాలక్షేపానికి వచ్చే ప్లీడర్లు, ఎండకు తాళలేక ఫ్యాను కోసం వచ్చి పేపరు అడ్డం పెట్టుకుని కునుకు తీసేవాళ్ళు, వీళ్ళే మా పాఠకులు. ఈ సంగతి జరిగి ఇన్నేళ్ళయినా చెప్పబోతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కాబట్టి నెమ్మదిగా చెబుతానని మాట ఇవ్వలేను.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, చిన్న టిఫిన్ డబ్బా. కౌంటరు దగ్గర నిలబడి అడిగారు.

"మేడం, మీ తాన గ్రీకు పుస్తకాలు ఉన్నయంట గదా?"

"ఉన్నాయి మాస్టారూ. ఇంగ్లీషు అనువాదాలు నాలుగైదు ఉండాలి. చూస్తాను."

"ఇంగ్లీషు కాదు. గ్రీకే కావాలె."

మా నాన్న 1956లో రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసు ఫైళ్ళతో పాటు హైదరాబాదు వచ్చిన గుమాస్తా. నేను హిమాయత్‌నగర్‌లో పెరిగాను. లైబ్రరీ సైన్సు చదివాను. గ్రీకు అక్షరాలను లెక్కల పుస్తకంలో తప్ప ఎక్కడా చూడలేదు. కానీ మా చరిత్ర గదిలో, ఎవరో ప్రిన్సిపాల్ గారి కుటుంబం ఎప్పుడో దానం ఇచ్చిన బీరువాలో, అట్ట ఊడిన లావుపాటి గ్రీకు పుస్తకం ఒకటి ఉందని తెలుసు. ఏటా స్టాకు లెక్క చూసేటప్పుడు దుమ్ము దులిపేది నేనే. పక్కనే రెండు చేతులతో ఎత్తాల్సిన గ్రీకు నిఘంటువు. తెచ్చి బల్లమీద పెట్టాను. ఆయన మొదటి పేజీ తెరిచి, చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, సాయంత్రం దాకా ఆ పేజీ తిప్పలేదు.

ఆ పుస్తకం రాసినాయన రెండు వేల నాలుగు వందల ఏళ్ళ కిందటి చరిత్రకారుడు. రెండు నగరాల మధ్య ఏళ్ళ తరబడి సాగిన యుద్ధం గురించి రాశాడు. ఆయనే ఆ యుద్ధంలో సేనానిగా పనిచేశాడట. ఒక పట్నం చేజారిపోతే సొంత ఊరివాళ్ళే వెళ్ళగొట్టారు. గ్రీకు బాగా వచ్చినవాళ్ళకు కూడా ఆయన కొరకరాని కొయ్య అని ఆశీర్వాదం గారే చెప్పారు.

"కోపం లేదా అంటే ఉన్నది. గని యాడ కనవడనియ్యడు మేడం. పది మాటలు రాసేటి కాడ మూడు రాస్తడు. కడమయి మింగుతడు. మింగినయి మనం కక్కియ్యాలె."

ఆశీర్వాదం గారిది మెదక్ దగ్గర పల్లె. పాస్టర్లకు శిక్షణ ఇచ్చే ఒక బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు గ్రీకు చెప్పారు. బైబిల్లో కొత్త నిబంధన మూలం గ్రీకులోనే ఉంది కాబట్టి అక్కడ పిల్లలకు ఆ భాష నేర్పుతారు. ఊళ్ళో అందరూ ఆయన్ని గ్రీకు అయ్యగారు అనేవారట. ఆయన కొత్తగా చేరిన రోజుల్లో పెద్ద ఊరి నుంచి వచ్చిన ఒక పరీక్షాధికారి, మీ పిల్లలకు ప్రసంగానికి సరిపడా గ్రీకు వస్తే చాలు, అంతకు మించి మీకెందుకు అన్నాడు. ఈయన రిటైరయ్యాక ఎవరి ఇంట్లోనో ఈ చరిత్రకారుడి పుస్తకం కనబడితే తెరిచారు. మొదటి వాక్యం సగంలోనే దారి తప్పారు.

"గప్పుడు సిగ్గయింది మేడం. ఆయన గట్ల అన్నందుకు కాదు. ఆయన యాడ గీత గీసిండో నేను గాడనే ఆగినందుకు."

అందుకని చాదర్‌ఘాట్‌లో కూతురి ఇంటికి వచ్చి ఉంటున్న ఆయన, రోజూ బస్సు దిగి ఆబిడ్స్ నుంచి నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చేవారు. ఆ పుస్తకం రిఫరెన్స్ ఓన్లీ, అంటే ఇక్కడే చదవాలి, ఇంటికి ఇవ్వం. మధ్యలో ఇంగ్లీషు అనువాదం సాయం లేకుండా గ్రీకు నుంచి సూటిగా తెలుగులోకి మొత్తం దించాలని ఆయన పట్టుదల. ఎనిమిది భాగాలు. రోజుకు ఒక వాక్యం అయితే పండగే. కొన్ని వాక్యాలు పది పన్నెండు వరుసలు ఉంటాయి. కొన్నిసార్లు ఒక వాక్యానికి వారం పట్టేది. తేలిన రోజున బల్లను అరచేత్తో ఒకసారి తట్టేవారు. చుట్టుపక్కల కునుకు తీసేవాళ్ళు ఉలిక్కిపడి లేచేవారు.

రాసుకోవడానికి కార్డులు ఇచ్చింది నేనే. కార్డు క్యాటలాగ్ అంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. ప్రతి పుస్తకానికి అరచేయంత కార్డు ఒకటి ఉంటుంది, దాని మీద పుస్తకం పేరు, రచయిత, దొరికే చోటు. కార్డు కింది అంచున రంధ్రం. చిన్న చిన్న సొరుగులున్న బీరువాలో వాటిని వరుసగా పేర్చి, ఎవరూ లాగేయకుండా రంధ్రాల గుండా ఇనుప చువ్వ దూరుస్తాం. ఒకసారి ప్రెస్సువాళ్ళు రంధ్రం పక్కకు పడిన కార్డులు కట్టలు కట్టలుగా పంపారు. చువ్వ దూరదు, పనికిరావు. అవన్నీ ఆశీర్వాదం గారికి ఇచ్చాను. ఆయన పైన గ్రీకు వాక్యం, మూలలో భాగం సంఖ్య, అధ్యాయం సంఖ్య, కింద తెలుగు రాసేవారు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఇంట్లో మనవలు చింపుతారని ఆయన భయపడితే, బీరువాలో ఖాళీగా ఉన్న సొరుగు ఒకటి ఆయనకు ఇచ్చాను.

ఇక్కడే నేను ఒక తెలివైన పని చేశాను. మా ట్రస్టు కార్యదర్శి గారు మూడు నెలలకోసారి తనిఖీకి వచ్చేవారు. రిటైరైన పెద్ద అధికారి. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు ఫ్యాన్లు లెక్కపెట్టేవారు. ఒకసారి ఆశీర్వాదం గారిని చూపించి అడిగారు.

"ఎవరాయన?"

"గ్రీకు చరిత్రకారుణ్ణి మూలంలో చదువుతున్నారండీ."

"దేనికి? పరీక్షా?"

"కాదండీ."

"పుస్తకం వేస్తున్నాడా?"

"ఇప్పట్లో కాదండీ."

"మరి ఎందుకు?" అన్నారు, నేనేదో అబద్ధం చెబుతున్నట్టు. "గ్రీకు ఎవరిక్కావాలమ్మా నాంపల్లిలో!"

నాకు చిర్రెత్తింది. ఆ పక్కనే ఒకాయన పేపరు కింద గుర్రు పెడుతున్నాడు, ఆయన్ని ఎందుకని అడగలేదు. అయినా నోరు మూసుకున్నాను. సొరుగు సంగతి తెలిస్తే ఖాళీ చేయిస్తారని భయం వేసి, మిగతా సొరుగులకు ఉన్నట్టే దానికీ ఒక చీటీ టైపు చేసి అంటించాను. 938. పుస్తకాలను విషయాల వారీగా విడదీసే క్లాస్ నంబర్లలో ప్రాచీన గ్రీసు చరిత్రది అది. ఇక ఏ తనిఖీలోనూ ఎవరి కన్నూ దాని మీద పడలేదు. నా ఉపాయానికి నేనే మురిసిపోయాను.

ఏడేళ్ళు గడిచాయి. ఆశీర్వాదం గారు రెండు భాగాలు ముగించి మూడో దాంట్లో పడ్డారు. సొరుగులో పన్నెండు వందల దాకా కార్డులు చేరాయి. 2002 వేసవిలో మా గ్రంథాలయానికి కంప్యూటర్లు వచ్చాయి. కార్డుల మీద ఉన్నదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిని డేటా ఎంట్రీ కంపెనీ ఒకదానికి ఇచ్చారు. ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమని నన్ను మూడు వారాలు శిక్షణకు పంపారు. వెళ్ళే ముందు ఆశీర్వాదం గారితో చెప్పాను.

"మీరేం కంగారుపడకండి మాస్టారూ. పని సున్నా నంబరు నుంచి మొదలవుతుంది. తొమ్మిది వందల్లోకి వచ్చేసరికి నేను వచ్చేస్తాను."

"గట్లనా? మంచిది మేడం," అన్నారు. నన్ను నమ్మారు.

తిరిగి వచ్చిన రోజు సోమవారం. చరిత్ర గదిలో కార్డుల బీరువా ఉన్న చోట గోడ మీద రంగు వెలవని చదరం తప్ప ఏమీ లేదు. ఆశీర్వాదం గారు తన బల్ల దగ్గర కూర్చున్నారు. పుస్తకం ముందు ఉంది, తెరవలేదు.

"నా కార్డులు ఏడున్నయి మేడం?"

ప్లగ్ పాయింట్లన్నీ చరిత్ర గదిలోనే ఉన్నాయి కాబట్టి ఆ కంపెనీవాళ్ళు అక్కడే కంప్యూటర్లు పెట్టుకుని, చేతికి దగ్గరున్న తొమ్మిది వందల సొరుగులతోనే మొదలుపెట్టారు. పూర్తయిన కార్డులను ఎప్పటికప్పుడు గోతాల్లో వేసి చిత్తుకాగితాల వాడికి ఇచ్చేశారు. వరుసలో ఒక్క సొరుగులో మాత్రం చువ్వ లేదు. ఒక్క సొరుగులో మాత్రం చేతిరాత. అది చూసైనా ఒక్కడికి అనుమానం రావద్దూ? ఏడేళ్ళు రోజూ వచ్చిన మనిషి ఎదురుగా కూర్చునే ఉన్నాడు. ఆయన రెండుసార్లు లేచి వెళ్ళి చెప్పారట. ఆఫీసులో మాట్లాడుకో పెద్దాయనా అన్నారట. ఆఫీసులో, ఆ మేడం వచ్చాక మాట్లాడుకో అన్నారట.

చిత్తుకాగితాల దుకాణానికి పరిగెత్తాను. సరుకు మిల్లుకు వెళ్ళి పది రోజులైందన్నాడు. అటునుంచి అటే కార్యదర్శి గారి గదికి వెళ్ళాను. ఆయన నా మాట పూర్తిగా విన్నారు. విని, మీరే తప్పు చేసి మీరే అరుస్తున్నారేమిటి అన్నారు.

"మన రిజిస్టర్‌లో లేని వస్తువు గ్రంథాలయంలో లేనట్టే లెక్క. లేని వస్తువు ఎలా పోతుంది?"

"ఆయన ఏడేళ్ళ కష్టం అండీ అది!"

"ఆయన్ని ఎవరు కష్టపడమన్నారు?"

మర్నాడు నాకు మెమో వచ్చింది. గ్రంథాలయం ఫర్నిచర్‌ను బయటివారి వాడకానికి అనధికారికంగా అప్పగించినందుకు సంజాయిషీ. ఆశీర్వాదం గారికి మాత్రం ఒక్కరూ క్షమాపణ చెప్పలేదు. ఒక్క మాట. పొరపాటైంది పెద్దాయనా అంటే ఎవరి కిరీటం కింద పడుతుంది? నేను చెప్పబోతే ఆయనే ఆపేశారు.

"నువ్వేం జేస్తవు బిడ్డా," అన్నారు. అంతవరకు మేడం అన్న మనిషి మొదటిసారి బిడ్డా అన్నారు. గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే కొంచెం ఊపిరి ఆడేది నాకు.

తర్వాత ఆయన రాలేదు. గ్రీకు పుస్తకం మళ్ళీ పుస్తకాల బీరువాలోకి వెళ్ళింది.

నాలుగు నెలలకు కంప్యూటర్ క్యాటలాగ్ ప్రారంభమైంది. దండలు, ఫొటోలు, కార్యదర్శి గారి ఉపన్యాసం. వారం తిరగకముందే మా ప్లీడరు గారు ఒకాయన కౌంటరు దగ్గరికి వచ్చారు.

"మేడం, ఈ నవల ఏ ర్యాకులో ఉంది? పేరు బలే ఉంది. 'ఓడలు తిరిగి వచ్చేసరికి రేవులో వాళ్ళను పిలిచేవాడు లేడు.'"

అలాంటి నవల మా దగ్గర లేదు. తెర చూశాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అక్షరాలు లేవు, తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టించారు. పుస్తకం పేరు దగ్గర ఆ వాక్యం. రచయిత, ఖాళీ. యాక్సెషన్ నంబర్, అంటే గ్రంథాలయంలోకి వచ్చిన ప్రతి పుస్తకానికి ఇచ్చే వరుస సంఖ్య, అదీ ఖాళీ. క్లాస్ నంబర్ 938. 938 కొట్టి వెతికాను. పేజీ తర్వాత పేజీ వస్తూనే ఉంది. దాదాపు పన్నెండు వందల పుస్తకాలు, ఒక్కటీ పుస్తకం కాదు. ప్రతి దాని కిందా, పుస్తకం ప్రస్తుతం లభ్యం అని రాసి ఉంది.

కంపెనీవాళ్ళను అడిగితే ఆ సొరుగులు కొట్టింది సుజాత అని చెప్పారు. పని అయిపోయాక ఆవిడ పాత చోటికే వెళ్ళిపోయిందట. నాంపల్లి కోర్టుల బయట గొడుగు కింద టైప్ మిషన్ పెట్టుకుని దరఖాస్తులు, అఫిడవిట్లు కొట్టే మనిషి. అక్కడికే వెళ్ళాను. నలభై ఏళ్ళుంటాయి. నేను చెప్పేది వినకముందే తలాడించింది.

"గా కార్డులా? యాదికెందుకు లేవు మేడం! రోజులకు రోజులు గవే కొట్టిన."

"అవి పుస్తకాల పేర్లు కావని తెలియలేదా?"

"ఎందుకు తెలవదు? కథ లెక్క ఉండె. సూపర్‌వైజర్‌ను అడిగిన. డ్రాయర్ మీద నంబర్ ఉన్నదా అన్నడు. ఉన్నదన్న. అయితే కొట్టు అన్నడు."

ఆ నంబరు అంటించిన చెయ్యి నాదే. ఆవిడ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మొత్తం కొట్టారా? ఏమీ వదిలిపెట్టలేదు కదా?"

సుజాతకు కోపం వచ్చింది. "కోర్టు కాయితాలు కొట్టేదాన్ని నేను. మనకు సమజ్ కాలేదని ఒక్క ముక్క ఇడిచిపెడితే కేసే పోతది. ఉన్నది ఉన్నట్టు కొట్టుడే మాకు ఎరుక. పైన వేరే రాత ఉండె చూడుండ్రి, గదొక్కటి నాతోని కాలె. గాడ 'వేరే లిపి' అని వెట్టిన. మూలకు నంబర్లు కొడితే కంప్యూటర్ తీసుకోలె, కూత వెట్టింది. గవి పోయినయి."

ఆమె చెప్పింది నిజం. మిగతా ఆపరేటర్లు రోజు లెక్క పూర్తి కావాలని మా అసలు పుస్తకాల పేర్లను సగానికి సగం నరికేశారు. పెద్ద పెద్ద గ్రంథాల పేర్లు మొండేలుగా మిగిలాయి. మొత్తం క్యాటలాగ్‌లో కామాతో సహా పూర్తిగా ఉన్నవి ఆశీర్వాదం గారి వాక్యాలే.

ఈలోగా ప్లీడరు గారి నవల సంగతి కార్యదర్శి గారి చెవిన పడింది. యాక్సెషన్ నంబర్ లేని రికార్డులన్నీ శనివారం లోపు చెరిపేయమని కంపెనీకి ఉత్తరం రాశారు. అది బుధవారం. మళ్ళీ ఆయన గదికి వెళ్ళాను.

"పోయాయనుకున్న కార్డులు ఇవేనండీ. ఒక్క నెల ఆగండి."

"క్యాటలాగ్ నిండా చెత్త పెట్టుకుని నెల ఆగమంటారా?"

"చెత్త కాదండీ. మన కంపెనీవాళ్ళు కొట్టిన వాటిలో పూర్తిగా ఉన్నవి ఇవే."

"శనివారం," అన్నారు.

"అయితే ప్రింటు తీసుకోనివ్వండి."

"గ్రంథాలయం కాగితం మీద బయటివాళ్ళ పనా?"

"కాగితం నేను తెచ్చుకుంటాను."

"మరి ప్రింటరు సిరా రిబ్బన్?"

ఆ మనిషి నిజంగానే ఆ మాట అడిగాడు. రిబ్బన్ కూడా తెచ్చుకుంటానని చెప్పి బయటికి వచ్చి, వరండాలో నిలబడి గట్టిగా ఒక తిట్టు తిట్టాను. అటెండరు విని నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆబిడ్స్‌లో కాగితం, రిబ్బన్ కొన్నాను. గురు, శుక్రవారాలు సుజాత తన గొడుగు మూసేసి వచ్చి నాతో కూర్చుంది. ప్రింటరు కీచుమంటూ కొడుతూనే ఉంది. శనివారం పొద్దున కంపెనీ మనిషి వచ్చి నా కళ్ళ ముందే అన్నీ చెరిపేశాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ కట్ట పట్టుకుని చాదర్‌ఘాట్ వెళ్ళాను. ఆశీర్వాదం గారు మంచం మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. జరిగింది చెప్పి కట్ట ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

"ఇడిచిపెట్టిన బిడ్డా. గా పరీక్ష వెట్టనీకి వచ్చినాయన అన్నది నిజమే. మనకు గంత ఎందుకు?"

ఆ మాట ఆయన నోట వినడం నాకు భరించరానిదిగా అనిపించింది. "మీకు కాకపోతే ఎవరికి మాస్టారూ?" అని గొంతు పెంచాను. లోపలి నుంచి ఆయన కూతురు తొంగిచూసింది. ఆయన చేతులు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు.

రెండు పేజీలు చూసి తలెత్తారు. "గిదేంది? ముందుది ఎనకకు, ఎనకది ముందుకు ఉన్నది."

కంప్యూటర్ పుస్తకాల పేర్లను అక్షర క్రమంలో పేరుస్తుంది. ఏళ్ళ తరబడి సాగిన యుద్ధాన్ని ఏ నుంచి జెడ్ దాకా అక్షరాల వరుసలో నిలబెట్టింది. మూలలో రాసుకున్న అధ్యాయాల సంఖ్యలు లేవు. చచ్చినవాళ్ళు రెండో పేజీలో, వాళ్ళు యుద్ధానికి బయలుదేరడం నలభయ్యో పేజీలో. నాకు ఏడుపు వచ్చింది. ఆయన మాత్రం చదువుతూనే ఉన్నారు. ఒకచోట వేలు ఆగింది.

"గిది తప్పు."

"సుజాత తప్పు కొట్టిందా?"

"ఆమె కాదు. నేనే. ఐదేండ్ల కింద తప్పు చేసిన. చెప్పినోడు ఒకడు, నేను ఇంకోని నోట్ల వెట్టిన." ఇంకో పేజీ తిప్పారు. "గిది గూడ తప్పే! గింత మోటుగ రాసిన్నా నేను?" ఆయన మొహంలో అప్పటిదాకా లేని కోపం కనబడింది. తన మీద తనకు. తరుగుతున్న కూరగాయల పళ్ళెం పక్కకు జరిపేశారు. "బిడ్డా, సోమారం లైబ్రరీ తెరుస్తరు గదా?"

సోమవారం వచ్చారు. గొడుగు, టిఫిన్ డబ్బా, ఒక కత్తెర. ఒక్కో వాక్యాన్ని ముక్కగా కత్తిరించి, గ్రీకు పుస్తకంలో అది ఎక్కడిదో వెతికి, మూలం మళ్ళీ చదివి, తప్పుంటే దిద్ది, తెల్ల కాగితం మీద అంటించేవారు. సంఖ్యలు లేవు కాబట్టి ప్రతి వాక్యాన్నీ మళ్ళీ మొదటి నుంచి చదవక తప్పలేదు. అయితే ఏడేళ్ళు పట్టిన చదువు ఈసారి ఏడాదిలో నడిచింది. అరచేత్తో బల్ల తట్టే చప్పుడు వారంలో నాలుగైదుసార్లు వినబడేది. 2003 చివరికి మొదటి రెండు భాగాలు వరుసలోకి వచ్చాయి. మా బైండరు వాటికి కాలికో గుడ్డ అట్ట వేసి పుస్తకం చేశాడు.

ఆ రోజే యాక్సెషన్ రిజిస్టర్ తీశాను. గ్రంథాలయంలోకి ఏది వచ్చినా ముందు ఎక్కేది ఆ పెద్ద పుస్తకంలోనే. ఒకసారి అందులో నంబరు పడిందంటే, కమిటీ కూర్చుని రాతపూర్వకంగా తీర్మానం చేస్తే తప్ప కార్యదర్శి కాదు కదా ఎవరూ దాన్ని బయటికి పంపలేరు. రిజిస్టర్‌లో లేనిది లేనట్టే అని ఆయన అన్న మాట అప్పటి నుంచీ నా చెవిలో గింగురుమంటూనే ఉంది. సిరా కలంతో నంబరు వేసి, అచ్చుకాని ప్రతి, దానం అని రాసి, అనువాదకుడి గడిలో ఆశీర్వాదం గారి పూర్తి పేరు రాశాను. ఆయన్ని పిలిచి చూపించాను. నా ఛాతీ ఆ పూట కొంచెం పొంగే ఉంది.

ఆయన తన పేరు మీద వేలు పెట్టి చదువుకున్నారు. తర్వాత పేజీలు మెల్లగా వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. 2000. 1998. 1995 దాకా. ఆ పేజీల్లో దానంగా వచ్చి నంబరు పడినవన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. గన్‌ఫౌండ్రీ బ్యాంకుల వార్షిక నివేదికలు, ఎవరి సన్మానానికో వేసిన సంచికలు, కార్యదర్శి గారి వియ్యంకుడి షష్టిపూర్తి పుస్తకం మూడు ప్రతులు.

"గీ వరుస రాయనీకి ఎంతసేపు వట్టింది బిడ్డా?"

"రెండు నిమిషాలు మాస్టారూ."

ఆయన రిజిస్టర్ మూసి, నా వైపు జరిపి, తన బల్ల దగ్గరికి వెళ్ళి మూడో భాగం తెరిచారు.

నేను అక్కడే నిలబడిపోయాను. మొదటి రోజు నుంచీ ఆ రిజిస్టర్ నా బల్ల మీదే ఉంది, కలం నా చేతిలోనే ఉంది. మొదటి వంద కార్డులు చేరినప్పుడే కట్ట కట్టి నంబరు వేసి ఉంటే ఎవడూ వాటిని ముట్టుకునేవాడు కాదు. వేయలేదు. దొంగ నంబరు అంటించి దాచాను, దాన్ని దయ అనుకున్నాను. ఎందుకంటే నా లెక్కలో కూడా అది పుస్తకం కాదు, ఒక ముసలాయన పొద్దుపోని పని. ఇప్పుడు కొత్తగా చేరిన లైబ్రేరియన్లకు నేను మొదట చెప్పేది ఒకటే. పాఠకుడు రాసి తెచ్చింది ఏదైనా ఇస్తే, దేనికని అడగకముందు రిజిస్టర్ తెరవండి. కార్యదర్శి గారు ఎందుకని నోరు తెరిచి అడిగారు, ఆయన మీద ఏడేళ్ళు పళ్ళు కొరికాను. నేను అడగను కూడా అడగలేదు, జవాబు నేనే చెప్పేసుకున్నాను.